పిట్టతావులో పిల్లి

యర్రమ్మ మంచె ఎక్కి కూత పెట్టిందంటే కింద సామ చేను కూడా తల వంచుకుని వింటుందని ఊళ్ళో ఒక వేళాకోళం ఉండేది. అది తిరిగి తిరిగి ఆమె చెవినా పడింది. యర్రమ్మ దాన్ని వేళాకోళం అనుకోలేదు. "ఇనక ఏటి సేత్తాది?" అంది.

అంత గొంతు అరకు లోయలో ఇంకెవరికీ లేదని ఆమె నమ్మకం. చాలావరకు నిజం కూడా. మిగతా చేలలో కాపలావాళ్ళు కిరసనాయిలు డబ్బాలు బాదుకుంటూ కూర్చునేవారు. కొండల్లో రేగిన ఫితూరీ అణిగి పోలీసు దండు కొండ దిగిపోయాక ఊరూరా మిగిలినవి ఆ ఖాళీ డబ్బాలే. యర్రమ్మకు డబ్బా అంటే చిన్నచూపు. ఆమె ఒక్క "హోయ్" అంటే చేను మీద వాలబోయిన చిలకల గుంపు గాలిలోనే మనసు మార్చుకుని అవతలి కొండకు పోయేది. మొండికేసిన వాటికి వడిసెల ఉంది. నారతో తనే పేనుకున్నది. రాయి పిట్ట పక్కన పడాలి, పిట్ట మీద పడకూడదు. పక్కన పడితే కాపలా, మీద పడితే వేట. ఇన్నేళ్ళలో ఆమె గురి తప్పింది లేదు, అంటే ఒక్క పిట్టకైనా రాయి తగిలింది లేదు.

ఆ రోజు పొద్దున్నే అంబలి దొన్నె నోటి దగ్గర పెట్టుకున్నదల్లా ఆగిపోయింది. పైన చిలకలు అరుస్తున్నాయి. అవతల పచ్చగా పూసిన వలిసె చేలో పిచ్చుకలు గోల చేస్తున్నాయి. సామ చేను అడుగున మాత్రం చప్పుడు లేదు. ఈపాటికి దుబ్బుల మధ్య పూరేడు పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకోవాలి. పోయినేడు ఈ రోజుల్లో చేను ఆ చివర నుంచి ఈ చివరకు అవి పలుకుతూనే ఉండేవి. ఈ ఏడు ఒక్కొక్క గొంతే ఆగిపోతూ వచ్చింది. ఇవాళ గట్టు కింద బండ పక్కన ఒక్కటే పలికింది.

"ఒక్కదానివే మిగిలినావేటి?" అని యర్రమ్మ ఆ వైపు తిరిగి అడిగింది.

ఆమె చలికాలపు తిండి ఆ ఒక్క పిట్ట మీదే నిలబడి ఉంది. ఆ ఊరి కట్టుబాటు అలాంటిది. కాపలా మనిషికి కూలి అంటూ కొలిచి ఇవ్వరు. పూటకింత అంబలి పోస్తారు, అంతే. కోత రోజున చేలో ఎక్కడ పిట్ట గూడు పెట్టి ఉంటే అక్కడ కాపలా మనిషి నిలబడి వడిసెల చుట్టూ తిప్పాలి. తాడు తిరిగినంత మేర కొడవలి రాకూడదు. పిల్లలు నడిచి వెళ్ళిపోయేదాకా ఆ సామ అలాగే నిలబడి ఉంటుంది. తరువాత అందులో మిగిలిన గింజ కాపలా మనిషిది. దాన్ని పిట్టతావు అంటారు. పిట్టల్ని తరిమే మనిషి గూళ్ళ జోలికి మాత్రం పోకుండా పెద్దలు ఎప్పుడో వేసిన ముడి అది. గూళ్ళు ఎక్కువైతే తావులు ఎక్కువ, తావులు ఎక్కువైతే యర్రమ్మ కుండలు నిండుతాయి.

ఈ ఏడు గూళ్ళు లేవు. ఎందుకు లేవో ఆమెకు తెలుసు. బూడిదరంగు ఒంటి మీద నల్ల చారలతో, గట్టు మీద ఎండకు కూర్చుని అది కాలు నాక్కుంటోంది.

పిల్లి బుధు నాయుడిది. ఆయన ఊరికి నాయుడు, అంటే పెద్ద. సామ చేనూ ఆయనదే. గాదెలో పందికొక్కులు పడుతున్నాయని భార్య చిన్నమ్మలు పోరుపెడితే, ఎద్దుల మీద ఉప్పు తెచ్చే తాతారావుకు చెప్పి పాచిపెంట నుంచి దాన్ని బుట్టలో తెప్పించాడు. ఊళ్ళోకి వచ్చిన మొదటి పిల్లి అదే. గాదె శుభ్రం చేసింది, ఆ తరువాత పాలకుండ మీద పడింది. దాంతో చిన్నమ్మలు పగలంతా దాన్ని బయటికి తోలి తలుపేసుకునేది.

యర్రమ్మ అంబలి గటగటా తాగి మంచె దిగింది. చిలకలు తింటే తిననీ అనుకుని నేరుగా నాయుడి వాకిట్లోకి నడిచింది. బుధు నాయుడు సానరాయి ముందు గొంతుక్కూర్చుని కోతకు కొడవళ్ళు నూరుతున్నాడు.

"నాయుడా, నీ పిల్లి నా కూలి తినేత్తన్నాది!"

ఆ గొంతుకు పెంటకుప్ప మీది కోళ్ళు చెదిరిపోయాయి. ఊళ్ళో అందరికీ ఆమె అప్పే, అంటే అక్క. బుధు నాయుడు తలెత్తలేదు. "పిల్లి పిట్టల్ని తింటాది గానీ అప్పా, కూలి తినడమేటి?"

"పిట్టల్ని తినీస్తే గూళ్ళెక్కడివి? గూళ్ళు నేకపోతే నాకు తావులేవి? దాన్ని గాదిలో ఏసి తలుపెయ్యి. కొక్కుల్ని తినమను, నానొద్దంటానా? సేలోకి మాత్రం ఒగ్గకు."

చిన్నమ్మలు చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మూసీసి ఉంచడానికి అది కోడేటప్పా? గోడలు గీకేత్తాది. అయినా పిట్టలు తగ్గితే మంచిదే గదా, నీకూ అరిసే పని తప్పుతాది."

"ఒలే సిన్నమ్మలూ, నానరిసేది సిలకల మీద. మీ పిల్లి ఒక్క సిలకనైనా పట్టినాదేటి? కొమ్మ మీదది దానికందదు. నేల మీద నడిసేది అందుతాది. ఎన్ను తినేది బాగానే ఉన్నాది, ఎన్ను మీద పురుగు తినేది పోయినాది."

బుధు నాయుడు కొడవలి పదును గోటి మీద చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తనకు కలిసొచ్చిందల్లా న్యాయంగానే కనిపించే మనిషి, అంతే. గూళ్ళు లేకపోతే చేను మొత్తం కోసుకోవచ్చునన్న సంగతి ఆయన లెక్కలోకి ముందే వచ్చి ఉంటుంది.

"గూడు సూపించు, తావు తీసుకో," అన్నాడు. "నాను కాదంటే అడుగు. గూడు నేని సోట తావేటి? కట్టుబాటు నాను పెట్టినాదేటి?"

"పెట్టినాది నువ్వు కాదు. మీ అయ్య మాత్రం సేలో కుందేలు ఈనితే దానికీ తావొగ్గినాడు."

"కుందేలు ఉన్నాది కాబట్టి ఒగ్గినాడు. నువ్వూ సూపించు."

కొడవలి నీళ్ళలో ముంచి తీసి మరొకటి అందుకున్నాడు. పొలం పని మొత్తం చేయించుకుని, తప్పు పిట్టల మీదికి నెట్టేసిన ఆ తీరుకు యర్రమ్మకు ఒళ్ళు మండింది. "సూపిత్తాను!" అని అరిచి వచ్చేసింది.

ఆ మాట వట్టిగా అనలేదు. బండ పక్కన పలికే పిట్ట గూడు ఎక్కడుందో ఆమెకు తెలుసు. సాయంత్రం చిలకలు గూటికి మళ్ళాక రేగు కంప కొట్టుకొచ్చింది. అరచేతులు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా, పిట్ట దూరడానికి నేల దగ్గర కాస్త సందు వదిలి, గూటి చుట్టూ మిగతా అంతా ముళ్ళు గుచ్చింది. పిట్ట గుడ్ల మీద నుంచి కదలలేదు. గడ్డి రంగులో గడ్డిలా కూర్చుని ఒక కంటితో ఆమెనే చూస్తూ ఉంది. పంట పొడుగునా తల మీదుగా అరిచిన మనిషి అంత దగ్గరికి వచ్చినా లేచిపోలేదు. అది యర్రమ్మకు గర్వంగా అనిపించింది.

మర్నాడు మంచు విడవకముందే వెళ్ళి చూసింది. ముళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పిట్ట కోసం వదిలిన సందులోంచే పిల్లి చెయ్యి పెట్టింది. ఈకలు ముళ్ళకు అంటుకుని ఉన్నాయి. ఒక గుడ్డు పగిలి చీమలు పట్టింది. మిగతావి చల్లగా ఉన్నాయి.

యర్రమ్మకు ఏడుపొచ్చింది. బండ మీద కూలబడి పైటతో నోరు మూసుకుని ఏడ్చింది. తావు పోయినందుకు ఏడుస్తున్నావా, పిట్ట పోయినందుకా అని ఎవరైనా అడిగితే కొట్టేదే, ఎందుకంటే ఆమెకు తెలియదు. సందు వదిలింది తన చేతులతోనే. తలెత్తేసరికి చేనంతా నిశ్శబ్దంగా ఉంది. కోత ఎల్లుండి. చూపించడానికి గూడు లేదు.

అంతలో సామ కదిలింది. గాలికి కదిలితే చేనంతా కదులుతుంది, ఇది సన్నగా ఒకచోటే పాయ విడుతూ పోతోంది. యర్రమ్మ లేచి నడుముకున్న వడిసెల విప్పింది. రాయి పెట్టి, పాదం చప్పుడు కాకుండా ఆ పాయ వెంటే వెళ్ళింది. ఈసారి పక్కన వేయదలచుకోలేదు.

చేను నడుమ దుబ్బుల కింద నేల గుండ్రంగా అణిగి ఉంది. పిల్లి అప్పుడే పక్కకు ఒరిగింది. దాని పొట్టకు అంటుకుని కళ్ళు తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పాకుతూ పాలు వెతుక్కుంటున్నాయి. తండ్రి ఎవరో అడవికే తెలియాలి. పిల్లి యర్రమ్మను చూసింది, చెవులు వెనక్కి వాల్చింది, కానీ లేవలేదు. నిన్న ఆ పిట్ట కూడా లేవలేదు.

వడిసెల తాడు చేతిలో బిగిసింది. పూరేడు పిట్ట ఈక ఒకటి పిల్లి మూతికి ఇంకా అంటుకుని ఉంది. తిని వచ్చి పాలిస్తోంది, దొంగముండ. కూడు కోసం చేసిందా, కసికి చేసిందా అని దాన్ని నిలదీసే వీలు లేదు. చివరికి యర్రమ్మ రాయి జారవిడిచింది. అది కాలి దగ్గర మెత్తగా పడింది.

తరువాత ఒక ఆలోచన వచ్చింది. అది వచ్చిన తీరుకు ఆమెకే నవ్వొచ్చింది. ముక్కు చీదుకుని ఇంటికి పోయి, సంతలో కొని దాచుకున్న ఎండు చేపల్లోంచి ఒక పెద్ద తల తెచ్చి పిల్లి ముందు పడేసింది.

"తిను. నా కూలంతా తిన్నావు, ఇదీ తిను. ఇక్కడి నుంచి కదిలినావంటే మాత్రం సూడు."

ఆ రెండు రోజులూ యర్రమ్మ చిలకల్నీ కాసింది, పిల్లినీ కాసింది. కాకులు చేను నడిమికి దిగబోతే వాటి మీద ఎన్నడూ లేనంత గట్టిగా కూత వేసింది. మధ్యాహ్నం చిన్నమ్మలు గట్టు మీదికి వచ్చి, "అప్పా, మా పిల్లిని గానీ సూసినావేటి? ఇంటికి రాడం నేదు," అని అడిగింది.

"సిలకల మీదుండే కళ్ళకి పిల్లేటి అవుపడతాది?" అంది యర్రమ్మ మంచె మీద నుంచి. అబద్ధమాడలేదు, జవాబుకు బదులు తనూ ఒక ప్రశ్న అడిగింది.

కోత రోజు పొద్దున ఊరు ఊరంతా చేలో దిగింది. మొదటి పిడికెడు కోయాల్సింది దిశారి సుక్రు. మంచి రోజు చెప్పేదీ, కట్టుబాటు తప్పితే తప్పని చెప్పేదీ ఆ ముసలాయనే. ఆయన కొండ వైపు తిరిగి దండం పెట్టి, పిడికెడు కోసి నడుముకు కట్టుకున్నాడు. ఆడవాళ్ళు వరసగా వంగారు. బుధు నాయుడు తూర్పు కొండల మీద పేరుకుంటున్న మబ్బు చూసి, "బేగి, బేగి," అన్నాడు. పండిన సామ మీద వాన పడితే గింజ నేలపాలు.

వరస చేను నడిమికి వచ్చేసరికి మంచె మీద నుంచి పిడుగు పడింది.

"హోయ్! కొడవళ్ళు ఆపండి!"

వంగిన నడుములన్నీ ఒక్కసారి లేచాయి. యర్రమ్మ మంచె దిగి, వడిసెల ఊపుకుంటూ వచ్చి వరస ముందు నిలబడింది. "నాయుడా, గూడు సూపించు తావు తీసుకో అన్నావు. రా, సూపిత్తాను."

బుధు నాయుడు వచ్చి దుబ్బులు విడదీసి చూశాడు. చూసి నోరు తెరిచాడు. వెనకాల మెడలు సాచిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"ఇది మా పిల్లి!"

"మీ పిల్లే. ఈనిన తల్లి. తావు సెప్పు."

"పిట్టతావు పిట్టకి గానీ పిల్లికేటి?"

"కుందేలుకి రెక్కలున్నాయేటి? మీ అయ్య ఒగ్గినాడు గదా. తాతా, నువ్వు సెప్పు."

సుక్రు దిశారి కర్ర మీద వాలి చాలాసేపు ఆలోచించాడు. నవ్వు దాచుకోవడానికే అంతసేపు పట్టిందని తరువాత కొందరన్నారు. "కుందేలుకి తావొగ్గినప్పుడు నానున్నాను," అన్నాడు చివరికి. "కొడవలి ముందు తల్లీ పిల్లలూ ఉంటే తావే. పిట్టా పురుగా అని అప్పుడు ఎవులూ అడగలేదు. తావులో ఉన్న దాన్ని కాపలా మనిసి తప్ప ఎవులూ ముట్టకూడదు. తిప్పు యర్రమ్మా."

యర్రమ్మ పిల్లి పక్కన నిలబడి, చెయ్యి బారంతా చాచి వడిసెల తిప్పింది. తాడు గాలిని కోస్తూ ఝుమ్మంది. అందరూ వెనక్కి జరిగారు. బుధు నాయుడు నెత్తి గోక్కున్నాడు. పోతే పోయింది, ఒక్క తావే కదా అనుకున్నాడు.

అక్కడే ఆయన పప్పులో కాలేశాడు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెత ఉండనే ఉంది. చుట్టూ కొడవళ్ళ చప్పుడు, మనుషుల నవ్వులు. పిల్లికి ఆ చోటు నచ్చలేదు. ఒక పిల్లను మెడ దగ్గర కరుచుకుని, ఇంకా కోయని సామలోకి దూరి పోయింది. మళ్ళీ వచ్చి మరొకదాన్ని పట్టుకెళ్ళింది. వరస అక్కడికి చేరేసరికి యర్రమ్మ ముందే అక్కడుంది. వడిసెల ఝుమ్మంది.

"ఇదేటి, అక్కడ తిప్పినావు గదా!" అన్నాడు బుధు నాయుడు.

"అక్కడ కాపరం ఎత్తేసినాది. ఇక్కడెట్టినాది."

"అయితే అక్కడిది కోసుకుంటాం."

"పిట్ట పిల్లల్తో ఎల్లిపోయిన తావుని ఎప్పుడైనా కోసినారేటి?" అని యర్రమ్మ దిశారి వైపు చూసింది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. తిప్పిన తావు తిప్పినట్టే.

మధ్యాహ్నం దాటేసరికి చేను చూడముచ్చటగా తయారైంది. కోసిన నేల మీద అక్కడక్కడా గుండ్రంగా సామ నిలబడి ఉంది. వరస ముందుకు పోయేకొద్దీ పిల్లి ఇంకా ముందుకు పోతోంది. దాని వెంట యర్రమ్మ, యర్రమ్మ వెంట వడిసెల ఝుంకారం. కోతకత్తెలు కొడవళ్ళు పక్కన పడేసి నవ్వుతూ కూర్చున్నారు. చిన్నమ్మలు "పుసు పుసు" అని పిలుచుకుంటూ తిరిగింది గానీ పిల్లి ఆమె వంక చూడనైనా లేదు. పగలంతా బయటికి తోలిన ఇంటిదాని మీద దానికేం ప్రేమ ఉంటుంది? తూర్పు మబ్బు నల్లబడి కొండ దిగింది. గాలి చల్లగా మారింది.

బుధు నాయుడు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "యర్రప్పా, ఆ పిల్లిని తీసుకుపో. నీకు దండం పెడతాను."

యర్రమ్మ వడిసెల దించింది. ఆ మాట కోసమే పొద్దుటి నుంచి చెయ్యి నొప్పి పుట్టేలా తిప్పింది. "నాను తీసుకుపోతే అది నాదే."

"నీదే."

"పిల్లలూ నాయే. తిప్పిన తావులన్నీ నాయే."

బుధు నాయుడు చేను వంకా మబ్బు వంకా చూశాడు. "నీయే."

"ఇంకొకటి. సామ మొలిసిన కాడి నుంచి ఆఖరి తావులో పిల్లలు ఎల్లిపోయీదాకా ఈ ఊర్లో ఏ పిల్లీ సేలో కాలెట్టదు. దీని పిల్లల్ని ఎవులైనా అడిగి పట్టుకుపోయినా ఇదే మాట. తాత ముందర సెప్పు."

"అలాగే అప్పా."

"మరి మా గాది?" అంది చిన్నమ్మలు ఏడుపు మొహంతో. "కొక్కులు మళ్ళీ వచ్చీవా?"

"పిలిత్తే వత్తాం," అంది యర్రమ్మ, అప్పుడే పిల్లిని తనలో కలిపేసుకుని. "బుట్టలో తెత్తాను. పొద్దు గూకేవేళ గాదిలో ఏసి నానే తలుపేత్తాను, తెల్లారి నానే తీత్తాను. ముందే అలా సేసుంటే నీ పిల్లి నీకే ఉండును."

ఆమె మంచె కింద నుంచి మూత బుట్ట తెచ్చింది, చేప తల తెచ్చింది. సామలో గొంతుక్కూర్చుని పిల్లిని పిలిచింది. ఊరంతా చెవులు రిక్కించినా ఆ పిలుపు ఎవరికీ వినపడలేదు. యర్రమ్మకు అంత చిన్న గొంతు కూడా ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పిల్లి వచ్చి చేప వాసన చూసి, పిల్లల్ని తనకన్నా ముందే బుట్టలో పెట్టిన చేతుల్ని వాసన చూసి, తనూ లోపలికి దిగింది. కొడవళ్ళు లేచాయి. ఆఖరి పన కళ్ళం చేరాక వాన దిగింది.

తెల్లారి వాన వెలిసింది. నాయుడి చేనుకు ఇక కాపలా పని లేదు. అయినా యర్రమ్మ అలవాటు చొప్పున మంచె ఎక్కింది. పక్కన బుట్ట. మూత ఓరగా తీసి ఉంది. చేనంతా బోడిగా, తడిగా ఉంది. చుట్టుపక్కల చేలు కూడా కోసేశారు. కొండవాలు మొత్తానికి నిలబడి ఉన్నవి ఆ గుండ్రటి తావులే. పిల్లి పెట్టించిన తావులు.

ఆమె వాటిని మురిపెంగా చూసుకుంటోంది. వానకు కొంత నేలపాలైనా, ఇంత గింజ ఏ ఏడూ దక్కలేదు. కుండలు చాలవేమో, పొరుగింట్లో అడగాలి అనుకుంటోంది. అంతలో బండకు దగ్గరి తావులోంచి ఒక పిలుపు వినిపించింది. అవతలి తావులోంచి ఇంకొకటి జవాబు చెప్పింది. తల దాచుకోవడానికి ఇంకెక్కడా గడ్డిపోచ లేక, ఎక్కడెక్కడి చేలలో మిగిలిన పూరేడు పిట్టలో రాత్రి వానలో నడిచి వచ్చి ఆ సామలో దూరాయి. మరొకటి పలికింది. యర్రమ్మ కళ్ళు నిండాయి. కూత వేయాలనిపించింది, నోటి దాకా వచ్చింది, మింగేసింది.

బుట్టలోంచి చారల తల పైకి లేచింది. చెవులు రెండూ ఆ పిలుపు వైపు నిక్కాయి.

"ఇన్నావా?" అంది యర్రమ్మ దాని తల నిమురుతూ, ఎంతో మెల్లగా. "ఇనడం వరకే నీ వాటా."

అని మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.